ఒంటె గొంతు

నా తమ్ముడు లింబాద్రి దుబాయిలో చనిపోయి వానాకాలం దాటింది, చలికాలం దాటింది. పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఎండబోయడం, అమ్ముకోవడం అన్నీ అయిపోయాయి. వాడు లేడని ఆర్మూర్‌లో మా గల్లీ కుక్కలకు కూడా తెలుసు. వాడి ఒక్కగానొక్క కూతురు అంకితకు మాత్రం అప్పటికీ తెలియదు. ఏడేళ్ల పిల్ల. ఇల్లంతా కలిసి దాని దగ్గర ఆ మాట దాచింది. వద్దని నేను మొత్తుకున్నాను. నా మాట ఆ ఇంట్లో ఎప్పుడు చెల్లింది కనుక?

దాచాలని ముందు ఎవరూ అనుకోలేదు. గల్ఫ్ ఇళ్లలో పెట్టె అంటే ఏమిటో అందరికీ తెలిసిందే. మనిషి సెలవు మీద వస్తే వెంట పెట్టె వస్తుంది. తాడుతో బిగించి, పైన లావు అక్షరాలతో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి ఉంటుంది. లోపల దుప్పటి, సబ్బులు, పాలపొడి డబ్బా, అత్తరు, పిల్లలకు చాక్లెట్లు. లింబాద్రి నిద్రలోనే గుండె ఆగి పోయాడని కబురొచ్చిన చాలా రోజులకు వాడి పెట్టె కూడా అంబులెన్సులోంచి దిగింది. దాని మీదా పేరు, ఊరు ఉన్నాయి. అంకిత వాకిట్లో నిలబడి చూసి, డాడీ పెట్టె పంపిండని చప్పట్లు కొట్టింది. ఎంత పెద్ద పెట్టో అని గల్లీ పిల్లలను పిలిచింది. మా అమ్మ నీలవ్వ గోడకు తల కొట్టుకుంటున్నది కాస్తా ఆగి, పిల్ల ముఖం చూసి, అవును బిడ్డా, పంపిండు అన్నది. కన్నకొడుకు పెట్టెలో వచ్చిన రోజున ముసలిది అంతకంటే ఏం మాట్లాడగలదు?

పెట్టె తెరవొద్దని ముందే చెప్పారు. అటునుంచి అటే కాటికి తీసుకుపోయారు. పిల్లను మాత్రం అప్పటికే ఆటో ఎక్కించి నవీపేట్‌లో అమ్మమ్మ ఇంటికి పంపేశారు. దినాలన్నీ అయ్యాక తిరిగొచ్చిన పిల్ల, చెప్పులు విప్పకుండానే పెట్టెలో ఏమేం వచ్చాయని అడిగింది. వానకు తడిసి అన్నీ పాడైపోయినయి, పారబోసినం అన్నది దాని తల్లి మంగ. బొమ్మ కూడానా అని అడిగి, అవునంటే మూతి ముడుచుకొని పోయింది. అక్కడ మొదలైంది మా ఇంటి అబద్ధం.

అబద్ధానికి కాళ్లుండవంటారు గానీ, మా అబద్ధానికి గాజులు, బొట్టు ఉన్నాయి. పిల్ల వచ్చాక చెప్పి తీస్తానని మంగ గాజులు తీయలేదు. పిల్ల వచ్చింది. రేపు చెప్తాను, ఎల్లుండి చెప్తాను అనుకుంటూ ఉండగానే, బడిలో బబ్లు అనే పిల్లగాడు మీ డాడీ చచ్చిపోయిండట గదా అన్నాడు. ఇది నీళ్ల సీసాతో వాడి నెత్తి మీద కొట్టింది. టీచరు పిలిపిస్తే మంగ, నేను ఇద్దరం పోయాం. టీచరు ముందర పిల్ల ఏం చెప్పిందో వినండి.

"మా అమ్మకు బొట్టున్నది, గాజులున్నయి. డాడీ సచ్చిపోతే ఎట్లుంటయి? మామ సచ్చిపోతే అత్తకు తీసేసిండ్రు గదా, నేను సూసిన."

అత్త అంటే నేనే. గంగమణి నా పేరు. మా ఆయన పోయినప్పుడు నా చేతులు రాయి మీద పెట్టి గాజులు పగలగొడుతుంటే, ఆ పిల్ల తలుపు చాటు నుంచి చూసిందని ఆ రోజే నాకు తెలిసింది. టీచరు తల దించుకుంది. మంగ ఇంటికి వచ్చి, ఇక ఈ గాజులు నా చేతులవి కావు, నా బిడ్డ గుండెవి అని నా ముందు ఏడ్చింది. ఆ తర్వాత తీయలేదు.

కుండ మూతికి మూకుడుంది గానీ లోకం మూతికి లేదు. మొగుడు పోయినా ముత్తయిదువ వేషం విడవలేదని మా వాళ్లే ఆడిపోసుకున్నారు. ముత్తెమ్మ అని మా దూరపు చిన్నమ్మ ఒకతి ఉంది, మంగ ఎదురొస్తే చాలు, పక్కకు తిరిగి ఉమ్మేది. ఆమెను నేను మార్కెట్టు గేటు దగ్గరే నిలబెట్టి దులిపేశాను. నావి తీశారు, నా మొగుడేమన్నా లేచొచ్చాడా అని అడిగాను. గాజుల విషయంలో నేను మంగ పక్షమే. పిల్లకు చెప్పకపోవడమే నాకు నచ్చలేదు. నిప్పును ఒడిలో కట్టుకొని ఎన్నాళ్లు తిరుగుతావని రోజూ పోరేదాన్ని. నేను కూలికి పోయే పసుపు గోదాంలో పొడుగాటి కొమ్ములూ గుండ్రటి మండలూ వేరు చేస్తూ కూర్చుంటే నా చేతులు ఆడేవి గానీ, మనసంతా ఆ పిల్ల మీదే ఉండేది.

ఇక ఒంటె సంగతి చెప్పాలి. లింబాద్రి ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు ఒక పెన్‌డ్రైవ్‌లో బొమ్మల సినిమా తెచ్చాడు. ఎప్పుడో మా చిన్నప్పుడు ఏ దేశం వాళ్లో తీసిన సినిమా అట. ఇసుక తుఫానులో తల్లి తప్పిపోయిన మేకపిల్లను ఒక ముసలి ఒంటె నీళ్లున్న చోటికి తీసుకుపోతుంది, అంతే కథ. మాటలన్నీ ఇంగ్లీషు. అంకితకు ఒక్క ముక్క అర్థం కాక ఏడిస్తే, లింబాద్రి టీవీ గొంతు బంద్ చేసి తానే ఒంటె అయిపోయాడు. మేకపిల్ల అంకిత. సెలవు అయిపోయి వాడు దుబాయి తిరిగి పోయాక కూడా ఆ ఆట ఆగలేదు. వాడికి సెలవు దొరికిన రోజున ఇక్కడ టీవీలో సినిమా పెట్టేవాళ్లు. ఫోనును చెంబుకు ఆనించి టీవీ వైపు తిప్పేవాళ్లు. అక్కడి గదిలో మంచం మీద పడుకొని, వాడు ఫోనులో టీవీ చూస్తూ ఒంటెకు మాటలు చెప్పేవాడు.

మాటలంటే ఏం మాటలు! ఆ ఒంటె అచ్చం ఆర్మూర్ ఒంటె. "ఏంది బిడ్డా, గిట్ల ఏడిస్తే ఎట్ల? జర ఆగు. పెర్కిట్ మూల మీద చాయ్ తాగి పోదాం. గోదావరి ఎంత దూరమున్నది, గీడనే" అనేది. ఎడారిలో గోదావరి ఎక్కడిదిరా అని నేను వెక్కిరిస్తే, ఒంటెకు నీ కంటే ఎక్కువ తెలుసు అక్కా అనేవాడు. ఇసుకలో ఎదురయ్యే దొంగలను పసుపు దళారులని తిట్టేవాడు. మా అమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకునేది. అంకితకు ఆ కథ అంతే. ఒంటె, మేకపిల్ల గోదావరికి పోతాయి. ఒంటె గొంతు డాడీది.

వాడు పోవడానికి కొద్దిగా ముందు, ఆ సినిమానే మళ్లీ తీస్తున్నారని ఫోనులో చూశాడు. ఈసారి బొమ్మలు కాదు, నిజం ఎడారి, నిజం మనుషులు, అచ్చం నిజంలా ఉండే ఒంటె, తెలుగు మాటలతో మన ఊరి టాకీసుకు కూడా వస్తుంది అన్నాడు. అది వచ్చేనాటికి సెలవు పెట్టుకొని వస్తానన్నాడు. అక్కడితో ఊరుకుంటే వాడు లింబాద్రి ఎందుకవుతాడు? ఒంటెకు తెలుగు మాటలు చెప్పడానికి కంపెనీ వాళ్లు నన్నే పిలిచిండ్రు బిడ్డా అని కోతలు కోశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మేమంతా నవ్వాం. పిల్ల నవ్వలేదు, నమ్మింది.

అందుకే ఫోన్లు ఆగిపోయి, డాడీ ఎందుకు చేస్తలేడని రోజూ అడుగుతుంటే, మంగకు దిక్కు తోచక ఆ కోతనే అందుకుంది. డాడీ సినిమా పనిలో ఉన్నాడు, ఒంటెకు మాటలు చెప్తున్నాడు, అక్కడ ఫోన్లు గుంజుకుంటారు అన్నది. ఒంటె సినిమా మన దాకా వచ్చేదా చచ్చేదా, అప్పటికి పిల్ల పెద్దదవుతుంది అనుకుంది పాపం.

వచ్చింది. ఎండాకాలం సెలవుల్లో బస్టాండు గోడ మీద పోస్టరు అతికించారు. ఇసుకలో నిలబడ్డ ఒంటె, దాని కాళ్ల మధ్య మేకపిల్ల. అంకిత ఆ గోడ దగ్గర నుంచి ఇంటి దాకా ఉరికొచ్చింది. డాడీ సినిమా వచ్చిందని గల్లీ అంతా చెప్పింది. పక్కింటి బేగంబీకి చెప్తే, ఆమె పిల్లను దగ్గరకు తీసుకొని కొంగుతో కళ్లు ఒత్తుకుందట. బేగంబీ ఏడ్చిందెందుకని పిల్ల వచ్చి మమ్మల్నే అడిగింది.

మంగ ఆ రోజు అన్నం ముట్టలేదు. పిల్లకు జ్వరమని చెప్పి పడుకోబెడదామంది, నవీపేట్ పంపేద్దామంది. ఎన్ని సినిమాలకు ఎన్ని జ్వరాలు తెప్పిస్తావని నేను అరిచాను. తెరమీద ఒంటె నోరు తెరిచి ఎవడో పరాయివాడి గొంతుతో మాట్లాడితే ఆ పిల్ల ఏమైపోతుందో, ముందే చెప్పి తీసుకుపోదామన్నాను. మంగ నా రెండు చేతులూ పట్టుకుంది.

"నాతోని కాదు వదినె. నేను సెప్పలేను, గా సినిమా సూడలేను. నువ్వే తీస్కపో. అదే అడిగితె సెప్పు. అడగకపోతే సెప్పకు."

మధ్యాహ్నం ఆటకు పోయాం. పిల్ల పుట్టినరోజు గౌను వేసుకుంది, జడకు రబ్బరు పువ్వు పెట్టుకుంది. హాల్లో మా వరుసలో కూర్చున్న వాళ్లందరికీ, గీ ఒంటె మా డాడీయే అని చెప్పి కూర్చుంది. వాళ్లు నావైపు చూస్తే నేను తెరవైపు చూశాను. అక్కడ ఇంకా పొగాకు ప్రకటనే నడుస్తున్నది.

సినిమా మొదలైంది. నిజం ఒంటె అన్నారు, నిజమే. మెడ మీద వెంట్రుక వెంట్రుకా కనబడుతున్నది. ఇసుక రేణువులు రెప్పల్లో ఇరుక్కున్నాయి. కోట్లు పోసి తీసి ఉంటారు. కానీ మా టీవీలో బొమ్మ ఒంటె నవ్వితే కింది పెదవి వేలాడేది, దుఃఖం వస్తే కనుబొమలు పైకి లేచేవి. ఈ ఒంటెకు నవ్వు రాదు, ఏడుపు రాదు. మార్కెట్టులో బండి కట్టిన ఎద్దులా ఊరికే నములుతున్నది. ప్రాణం ఉన్నట్టు చేయబోయి ప్రాణం తీశారు అనిపించింది నాకు. అంకిత నా మోచేయి పట్టుకొని, అత్తా, ఇది నవ్వుతలేదు అన్నది.

అప్పుడు ఒంటె నోరు తెరిచింది.

"భయపడకు చిన్నారీ, నేనున్నానుగా. ఎంత ఎడారికైనా ఒక అంచు ఉంటుంది."

మంచి గొంతే. గంభీరంగా, పుస్తకం చదివినట్టుగా ఉంది. పిల్ల వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. కాసేపటికి అదే నా చెవి దగ్గరికి వచ్చి, డాడీకి సర్ది అయ్యిందా అత్తా అని అడిగింది. ఒంటె మళ్లీ మాట్లాడింది, మళ్లీ మాట్లాడింది. అంకిత ముందు కుర్చీ పట్టుకొని ముందుకు వంగి వింటున్నది. దొంగలు వచ్చారు, ఒంటె వాళ్లను దళారులని తిట్టలేదు. మేకపిల్ల దాహమని ఏడ్చింది, చాయ్ మాట ఎత్తలేదు. ఇప్పుడంటడు గోదావరి అని, ఇప్పుడంటడు అని పిల్ల మూడు నాలుగుసార్లు గొణిగింది. తర్వాత గొణగడం మానేసి కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది. నేను చెయ్యి పట్టుకుంటే మెల్లగా తీసేసుకుంది.

చివరికి నీళ్లు కనిపించాయి. ఒంటె ఒడ్డున ఇసుకలో మోకాళ్లు మడిచి కూలబడింది. మా టీవీలో కూడా ఇక్కడ ఒంటె పడుకునేది. లింబాద్రి ఆవలించి, డ్యూటీ అయిపోయింది బిడ్డా, జర పండుకుంటా, నువ్వు నీళ్లు తాగు అనేవాడు, మంగ టీవీ ఆపేసేది. దాని వెనకాల ఇంకేముందో పిల్లకు ఎవరూ చూపించలేదు. ఇక్కడ ఆపేవాళ్లెవరు? నా సమయం అయిపోయింది చిన్నారీ, ఇక నువ్వు ఒంటరిగా నడవాలి అన్నది ఒంటె. కళ్లు మూసింది. మేకపిల్ల మూతితో నెట్టి నెట్టి చూసింది. హాల్లో పిల్లలు ఏడ్చారు, తల్లులు ముక్కులు తుడిచారు. అంకిత ఏడవలేదు. తెర తెల్లబడే దాకా చూసి లేచింది.

బయట ఎండ మాడు పగిలేలా కొడుతున్నది. సైకిల్ స్టాండు పక్కన రేకుల నీడలో బండ మీద కూర్చోబెట్టి చెరుకు రసం ఇప్పించాను. గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

"అత్తా, మా టీవీల గూడ ఒంటె సచ్చిపోయేదేనా?"

అవునన్నాను. మరి డాడీ పండుకున్నది అంటుండె గదా అన్నది. నువ్వు ఏడుస్తవని గట్ల చెప్పేటోడు అన్నాను. గ్లాసులో ఐసు ముక్క కరిగిపోయే దాకా దాన్నే చూసింది. తర్వాత నా ముఖం చూడకుండా అడిగింది.

"డాడీ గూడ సచ్చిపోయిండా?"

ఇన్నాళ్లూ చెప్పు చెప్పు అని ఇంటి మీద పడి అరిచినదాన్ని నేనే. తీరా నా నోటితో చెప్పాల్సి వచ్చేసరికి దాని జడలో జారిన రబ్బరు పువ్వు సరిచేశాను. అవు బిడ్డా అన్నాను. పెట్టెల వచ్చింది డాడీయేనా అంది. అవు బిడ్డా అన్నాను. ఆ గ్లాసు పక్కన పెట్టి, నా ఒళ్లో ముఖం పెట్టుకుంది. గొంతు బయటికి రాలేదు, వీపు మాత్రం ఎగిరెగిరి పడింది. నేను దాని మీద వంగి ఏడ్చాను. తమ్ముడు పోయినప్పుడు నలుగురిలో శోకాలు పెట్టి ఏడ్చాను గానీ, వాడు నిజంగా పోయింది నాకు ఆ రోజే.

ఆటోలు పిలుస్తుంటే లేచాం. పిల్ల గౌను అంచుతో ముఖం తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. నా చెంగు పట్టి గుంజి, ఎవరన్నా వింటారేమోనని అటూ ఇటూ చూసింది.

"అత్తా, అమ్మకు సెప్పకు. అమ్మకు ఎర్కలేదు. ఎర్కైతే గాజులు తీసేస్తది."

నేను ఉన్నచోటనే నిలబడిపోయాను. అమ్మకు తెలుసే పిచ్చిదానా, నీ కోసమే అవి ఉంచుకున్నదే అని చెప్పబోయాను. ఒట్టెయ్యి అని చెయ్యి చాపింది. పసుపు అంటిన నా చేతిని ఆ చిన్న చేతిలో వేశాను. ఏం చేయను? ఆ కళ్లు చూస్తే మీరైనా వేసేవాళ్లే.

ఇంటికి వచ్చేసరికి మంగ గడప మీదే కూర్చుని ఉంది. పొద్దున పెట్టిన బొట్టు చెమటకు కాస్త కారింది. మా అమ్మ లోపల మంచం మీద అటు తిరిగి పడుకుంది. మంగ పిల్ల ముఖం చూసింది, నా ముఖం చూసింది. పిల్లే చెప్పులు విప్పి, పోయి తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది.

"డాడీ మస్తు మాట్లాడిండు అమ్మా. టాకీసుల అందరు నవ్విండ్రు."

మంగ నావైపు తిరిగింది. నేను కొట్టంలో ఏదో పని ఉన్నట్టు తల తిప్పుకున్నాను. మంగ పిల్ల వైపు తిరిగి, ఏమన్నడు అని అడిగింది.

అంకిత ఎదురుగా మఠం వేసుకొని కూర్చుంది. గొంతు లావు చేసింది. "బిడ్డా, గీ ఎడారంత ఎందుకు నడుస్తున్ననుకుంటున్నవ్? మీ అమ్మ చాయ్ కోసం. గామె చాయ్‌ల చక్కెర జర ఎక్కువేస్తది, గసొంటి చాయ్ దుబాయిల దొరకది" అన్నది. లింబాద్రి ఆ మాట ఎన్నడూ అనలేదు. కానీ ఆ సాగదీత వాడిదే, ఆ కొంటెతనం వాడిదే. లోపల మంచం కిర్రుమంది. మంగ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది, కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. పిల్లకు తెలిసిపోయిందని మంగకు అర్థమైందో, లేక తన మొగుడి మాటలు ఇంకో నాలుగు దొరికితే చాలని మూటగట్టుకుంటున్నదో, నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం కూడా లేదు.

నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. పెరట్లోకి పోయి నల్లా విప్పి, ఆ చప్పుడులో కడుపారా ఏడ్చాను. ఏడ్చి నల్లా కట్టేసేసరికి లోపల నుంచి మంగ గొంతు వినిపించింది.

"ఇంకేమన్నడు బిడ్డా?"